జిల్లా చాప్టర్‌కి ఢిల్లీ నుంచి 11 పేజీల ఒప్పందం: సంతకం పెట్టే ముందు ఏం చూడాలి?

గోదావరి గట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. వికలాంగుల హక్కుల మీద పనిచేసే ఒక జాతీయ సంస్థకి మాది జిల్లా చాప్టర్. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద 2017లో విడిగా రిజిస్టర్ అయింది. పేరు మాత్రం జాతీయ సంస్థదే, చివర జిల్లా పేరు తగిలించాం. పాన్ మాది. 12ఏబీ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకి పన్ను మినహాయింపు) లేవు. ఢిల్లీతో ఇన్నాళ్లూ ఉన్న కాగితమల్లా ఒక పేజీ అనుబంధ పత్రం. సభ్యులు 140 మంది, సభ్యత్వం ఏడాదికి 300. గది అద్దె నెలకి 3,500. 1,80,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. స్థానిక దాతలు ఇచ్చింది.

ఇప్పుడు అన్ని చాప్టర్లకీ ఒకే ఒప్పందం పంపారు. అందులో గట్టిగా తగిలేవి ఇవి: బ్యాంకు ఖాతా జాతీయ సంస్థ పాన్ మీదికి మార్చాలి. సభ్యత్వంలో 40 శాతం పైకి పంపాలి. పత్రికా ప్రకటన ఏదైనా 48 గంటల ముందు అనుమతి తీసుకోవాలి. జిల్లా కార్యవర్గాన్ని రద్దు చేసే అధికారం కేంద్ర కమిటీకి ఉంటుంది. చాప్టర్ మూతపడితే ఆస్తులు జాతీయ సంస్థకి. ఇంకో క్లాజులో "చాప్టర్ చేసే అప్పులకు, దావాలకు, చట్ట ఉల్లంఘనలకు చాప్టరే పూర్తి బాధ్యత" అని ఉంది. 60 రోజుల్లో సంతకం పెట్టకపోతే పేరు వాడొద్దట.

విడిపోవాలని మాకు లేదు. ఏవి ఒప్పుకోవచ్చు, ఏవి మార్చమని అడగాలి?

---

ఓరుగల్లు వకీలు

మీరు రాసిన క్లాజుల్లో బ్యాంకు ఖాతాదీ, బాధ్యతదీ పక్కపక్కన పెట్టి చదవండి. డబ్బు దగ్గరకొచ్చేసరికి ఉమ్మడి కాపురం, అప్పు దగ్గరకొచ్చేసరికి వేరు కాపురం. అసలు తగువు అక్కడుంది. మిగతావన్నీ దాని కొమ్మలు.

మన దేశంలో రెండు పద్ధతులూ ఉన్నాయి, రెండూ నడుస్తున్నాయి. వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇంటాక్ 1984లో రిజిస్టర్ అయిన ఒకే సొసైటీ. ఊరూరా ఉన్న చాప్టర్లు దాని చేతులే. ప్రతి చాప్టర్‌కీ కన్వీనర్ ఉంటాడు కానీ చట్టం దృష్టిలో చాప్టర్ విడి వ్యక్తి కాదు. పరివార్ అనే జాతీయ సమాఖ్య దీనికి తిరగేసిన నమూనా. మేధో వైకల్యం ఉన్నవారి తల్లిదండ్రుల సంఘాలు ఎక్కడికక్కడ రిజిస్టరై, ఆ సంఘాలే సమాఖ్యలో సభ్యులుగా చేరతాయి. మొదటి దాంట్లో పెత్తనం పైవాళ్లది, బాధ్యతా పైవాళ్లదే. రెండో దాంట్లో ఎవరి పెత్తనం వాళ్లది, ఎవరి బాధ్యత వాళ్లది. మీకొచ్చిన ముసాయిదా పెత్తనం మొదటి నమూనా నుంచి, బాధ్యత రెండో నమూనా నుంచి తీసుకుంది.

మీరు 2017 నుంచీ విడి సొసైటీ. కాబట్టి ఢిల్లీ కమిటీ మీ కార్యవర్గాన్ని "రద్దు" చేస్తూ ఉత్తరం రాసినా, మీ సొంత బైలాస్‌లో (సంఘం నియమావళిలో) అలాంటి అధికారం వాళ్లకి ఇచ్చి ఉండకపోతే దానికి చట్టబలం లేదు. వాళ్లు చేయగలిగింది అనుబంధం తీసేయడం, పేరు వాడొద్దనడం. అందుకే ఇలాంటి ఒప్పందాల్లో లోపలి పేజీల్లో ఎక్కడో "చాప్టర్ తన బైలాస్‌ను ఈ ఒప్పందానికి అనుగుణంగా సవరించుకోవాలి" అని ఒక వాక్యం దాక్కుని ఉంటుంది. వెతకండి. ఉంటే ఒప్పందం మొత్తానికీ గుండెకాయ అదే.

ఇంకో పని ఈ వారమే చేయండి. రిజిస్ట్రార్ దగ్గర మీ ఫైలులో ఏ కార్యవర్గం జాబితా ఉందో సర్టిఫైడ్ కాపీ తీయించండి. సొసైటీల చట్టం ప్రకారం ఏటా జాబితా దాఖలు చేయాలి. చాలా సంఘాలు మొదటి ఏడాది చేసి మరిచిపోతాయి. రేపు పేచీ వస్తే, "సంతకం పెట్టే అధికారం మీకెక్కడిది, రికార్డులో 2017 కమిటీయే ఉంది కదా" అనే ప్రశ్న ముందు వస్తుంది. పాత ఏళ్లవి ఎన్నికల మినిట్స్ జతచేసి ఇప్పుడే వేసేయండి.

వివాదాల క్లాజు కూడా చూడండి. ఇలాంటి వాటిలో మామూలుగా "ఏకైక ఆర్బిట్రేటర్‌ను (మధ్యవర్తిని) జాతీయ అధ్యక్షుడు నియమిస్తాడు, స్థలం ఢిల్లీ" అని ఉంటుంది. వివాదంలో ఒక పక్షమే ఏకైక ఆర్బిట్రేటర్‌ని వేసుకోవడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లోనే, పర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో చెప్పింది. ఇద్దరూ ఒప్పుకున్న మనిషి, విచారణ వీడియోలో లేదా విజయవాడలో అని మార్పించండి. సొసైటీల చట్టం 23వ సెక్షన్ ఉంది కదా అనుకోకండి. అది ఒకే సొసైటీ లోపలి సభ్యులు, కమిటీ తగాదాలకి. మీకూ ఢిల్లీకీ మధ్య వచ్చేది రెండు సంస్థల ఒప్పందపు తగాదా.

---

రశీదు పుస్తకం

లెక్కల సంగతి నేను చెప్తాను.

ఖాతా వాళ్ల పాన్ మీదికి మార్చడం అనేది ఒక ఖాతా పేరు మార్పు కాదు. మీ సొసైటీ డబ్బు ఇంకో సొసైటీకి ఇచ్చేయడం. మీ సర్వసభ్య సమావేశం తీర్మానం లేకుండా కోశాధికారి ఆ 1,80,000 పంపితే, రేపు ఏ సభ్యుడైనా నిలదీయవచ్చు. పంపాక అది వాళ్ల ఆదాయంగా వాళ్ల పుస్తకాల్లోకి ఎక్కుతుంది. వెనక్కి రావాలంటే వాళ్లు మళ్లీ మీకు "ఇవ్వాలి". అక్కడా చిక్కుంది. ఒక ధార్మిక సంస్థ ఇంకో నమోదైన ధార్మిక సంస్థకి ఇచ్చిన విరాళంలో 85 శాతాన్నే ఖర్చుగా లెక్కగడతారు, 2023 ఫైనాన్స్ చట్టం నుంచి. మీకు 12ఏబీయే లేదు కాబట్టి వాళ్ల ఆడిటర్ ఇంకా జంకుతాడు. వెళ్లేటప్పుడు దారి విశాలం, వచ్చేటప్పుడు ఇరుకు.

మధ్యేమార్గం ఇలా ఉంటుంది. మీ పాత ఖాతా మీ పాన్ మీదే ఉంచండి: సభ్యత్వాలు, స్థానిక విరాళాలు, అద్దె అన్నీ అందులో. జాతీయ సంస్థ కార్యక్రమాల కోసం వాళ్లే తమ పాన్ మీద మీ ఊళ్లో వేరే ఖాతా తెరిచి, మీవాళ్లలో ఇద్దరికి సంతకం అధికారం ఇవ్వవచ్చు. ఆ డబ్బు వాళ్లది, బిల్లులు వాళ్ల పేరు మీద, ఓచర్లు నెలనెలా 7వ తేదీ లోపు ఢిల్లీకి. రెండు ఖాతాల మధ్య ఒక్క రూపాయి కూడా "చేబదులు" అటూ ఇటూ పోకూడదు. చాలాచోట్ల కథ చెడేది ఇక్కడే. అద్దెకి తక్కువైందని 3,500 అక్కణ్ణుంచి తీస్తారు, వచ్చే నెల సర్దేస్తారు, ఆడిట్‌లో రెండు సంస్థలకీ తలనొప్పి.

80జీ రశీదుల గురించి గట్టిగా చెప్పాలి. జాతీయ సంస్థ రశీదు పుస్తకం మీ బల్ల మీద ఉంటే, ఆ రశీదు మీద వచ్చిన డబ్బు వాళ్ల ఖాతాలోకే వెళ్లాలి. మీ ఖాతాలో వేసుకుని వాళ్ల 80జీ రశీదు ఇవ్వడం కుదరదు. దాత పేరు, పాన్, చిరునామా, చెల్లించిన విధానం అన్నీ వాళ్లు పన్ను శాఖకి ఇచ్చే 10బీడీ స్టేట్‌మెంట్‌లో మే 31 లోపు చూపాలి. ఆలస్యానికి రోజుకి 200 ఫీజు. దాతకి 10బీఈ సర్టిఫికెట్ కూడా మే 31 లోపే అందాలి. మీరు జాబితా ఏప్రిల్ 10కి పంపకపోతే పైవాళ్లు ఎందుకు కస్సుమంటారో ఇప్పుడు అర్థమవుతుంది. ఒక చాప్టర్ జాబితా తప్పితే స్టేట్‌మెంట్ మొత్తం సవరించాలి. నగదు 2,000 దాటితే 80జీ వర్తించదు, ఆ మాట రశీదు వెనక అచ్చు వేయించండి. పాడైన రశీదు చింపి పారేయకుండా రెండు ప్రతులూ పుస్తకంలోనే అడ్డగీత కొట్టి ఉంచండి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఇన్‌కమ్ టాక్స్ చట్టం కాబట్టి సెక్షన్ల, ఫారాల నంబర్లు మీ ఆడిటర్‌ని అడిగి సరిచూసుకోండి.

ఇక క్యూఆర్ స్టిక్కర్. సభ జరిగే చోట బల్ల మీద అంటించిన స్టిక్కర్‌ని స్కాన్ చేసి ఎవరి పేరు వస్తుందో చూడండి. కోశాధికారి సొంత ఫోన్ నంబరు పేరు వస్తే ఆ రోజే పీకేయండి. ఆయన ఎంత నిజాయితీపరుడైనా సరే, ఆ డబ్బు ఆయన ఖాతాలో, ఆయన ఆదాయంగా కనిపిస్తుంది. సంస్థ ఖాతా మీద తీసుకున్న క్యూఆర్ ఒక్కటే ఉండాలి.

40 శాతం విషయం. 140 మందికి 300 చొప్పున 42,000. అందులో పైకి 16,800. మీకు మిగిలేది 25,200, అంటే నెలకి 2,100. మీ అద్దె 3,500. శాతం వద్దని, తలకి ఇంత అని స్థిరంగా అడగండి. తలకి 60 అయితే 8,400 పైకి, మీకు 33,600. అప్పుడూ అద్దెకి చాలదు గానీ, రేపు మీరు సభ్యత్వం 400 చేస్తే పెరిగిన వంద మొత్తం జిల్లాలోనే ఉంటుంది. శాతమైతే ఆ వందలోనూ 40 పోతుంది. పింఛను మీదే బతికే సభ్యులకి రాయితీ ఇస్తే పైవాటా కూడా తగ్గాలని రాయించండి. ఆ డబ్బుకి బదులు ఏమొస్తుందో కూడా కాగితం మీద ఉండాలి: న్యాయ సలహా, శిక్షణ, పత్రిక, కౌన్సిల్‌లో ఓటు.

ఓటు అన్నాను కాబట్టి ఒక మాట. కౌన్సిల్‌కి చాప్టర్ పంపే డెలిగేట్ల సంఖ్య సభ్యత్వాన్ని బట్టి ఉంటే, ఎన్నికల ముందు కొన్ని చోట్ల సభ్యత్వం బియ్యం బస్తాలా ఉబ్బుతుంది. ఎవరో ఒకరు మూకుమ్మడిగా కట్టేస్తారు. మార్చి 31 కటాఫ్, ప్రతి సభ్యుడి చెల్లింపూ విడిగా కనిపించడం, జాబితా 30 రోజుల ముందు బయటపెట్టడం, ఈ మూడూ ఉంటే చాలావరకు ఆగుతుంది.

---

ప్రజావాణి సోమవారం

48 గంటల క్లాజు రాసినవాళ్లు జిల్లా కలెక్టరేట్ మెట్లు ఎక్కినట్టు లేదు. సదరం (వైకల్య నిర్ధారణ) క్యాంపు రద్దయిందని శుక్రవారం సాయంత్రం తెలుస్తుంది. సోమవారం పొద్దున ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, తెలంగాణలో ప్రజావాణి. మధ్యలో శని, ఆదివారాలు, ఢిల్లీ ఆఫీసు సెలవు. అనుమతి వచ్చేసరికి బుధవారం, అప్పటికి కలెక్టర్ ఇంకో సమస్య మీదికి వెళ్లిపోయాడు.

విషయాన్ని బట్టి గడువు పెట్టమనండి. సదరం స్లాట్లు, పింఛను రీవెరిఫికేషన్ నోటీసులు, యూడీఐడీ (వైకల్య గుర్తింపు) కార్డు, ఆఫీసుకి ర్యాంపు లేకపోవడం, ఇలాంటి జిల్లా సంగతులకి అనుమతి అక్కర్లేదు. ఇచ్చిన ప్రతిని 24 గంటల్లో పైకి పంపితే చాలు. 2016 వికలాంగుల హక్కుల చట్టం సవరణ, కేంద్ర బడ్జెట్ లాంటివైతే జాతీయ సంస్థ ఇప్పటికే చెప్పిన మాటే చెప్పాలి, కొత్త వైఖరి అయితే పంపిన 12 గంటల్లో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే. కోర్టు కేసు, ఎన్నికలు, పార్టీల వేదికలు, కంపెనీ స్పాన్సర్లు: వీటికి ముందస్తు లిఖిత అనుమతి, ఇందులో బేరం వద్దు.

ఈ ముందస్తు అనుమతికి కారణం ఉంది. జాతీయ సంస్థకి విదేశీ నిధుల అనుమతి, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ ఉంటే, దాని నియమాల్లో బంద్, హర్తాళ్, రాస్తారోకో, రైల్‌రోకో, జైల్‌భరో అనే మాటలు పేరుపేరునా ఉన్నాయి. వీటిని అలవాటుగా వాడే సంస్థని రాజకీయ స్వభావం ఉన్నదిగా ప్రకటించే వీలుంది. క్రియాశీల రాజకీయాలతో, పార్టీలతో సంబంధం ఉన్నప్పుడే అది వర్తిస్తుందని 2020 మార్చిలో ఇన్సాఫ్ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి హక్కుల కోసం రోడ్డెక్కడం తప్పేం కాదు. కానీ అదే రాస్తారోకోలో ఎమ్మెల్యే టికెట్ ఆశించే ఆయన మీ బ్యానర్ పట్టుకుని ఫోటో దిగితే లెక్క మారుతుంది. బ్యానర్ మీద చాప్టర్ పేరా, జాతీయ సంస్థ లోగోనా అన్నది కూడా తేడాయే.

కోర్టు విషయంలో మీరు విడి సొసైటీ కావడం లాభం. తీర్మానం చేసుకుని మీ పేరుతోనే హైకోర్టులో రిట్ వేయవచ్చు. శాఖగా మారితే వకాల్తాకి ఢిల్లీ అధికార పత్రం కావాలి, అది లేకుండా చాప్టర్ లెటర్‌హెడ్ మీద వేస్తే రిజిస్ట్రీ అభ్యంతరంతో వెనక్కి వస్తుంది. రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు వేరు. దానికి మామూలు అర్జీ చాలు, బాధితుడే సంతకం పెట్టవచ్చు.

---

రెండు టోపీలు

పై జవాబులు బాగున్నాయి గానీ అన్నీ జిల్లా వైపు నుంచే చూశాయి. కేంద్ర కార్యాలయాల వైపు నుంచి కొంచెం.

ఖాతా తమ పాన్ మీద ఉండాలని వాళ్లు పట్టుబట్టడానికి అసలు కారణం బహుశా పెత్తనం కాదు, ఎఫ్‌సీఆర్‌ఏ. 2020 సెప్టెంబరు 29 నుంచి విదేశీ నిధులు తీసుకున్న సంస్థ వాటిని ఇంకే సంస్థకీ బదిలీ చేయకూడదు, ఆ సంస్థకీ ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్నా సరే. అంతకుముందు నమోదైన సంస్థలకి ఇవ్వగలిగేవారు. ఢిల్లీలో డబ్బు తెచ్చి జిల్లా సంఘాలకి పంచే పద్ధతి ఆ రోజుతో ఆగింది. పాలనా ఖర్చుల పరిమితి కూడా 50 శాతం నుంచి 20కి పడింది. కాబట్టి డబ్బు తమ ఖాతాలోనే ఉండి, ఖర్చు తమ పేరు మీదే జరిగితే తప్ప ఆ నిధి జిల్లాకి చేరే దారి లేదు. అలాగైతే, న్యూఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఉన్న ఖాతా నుంచి మీ ఊళ్లో వాడుక ఖాతా తెరిచి పంపుకోవచ్చు, తెరిచిన 45 రోజుల్లో హోంశాఖకి తెలియజేయాలి. ఇందులో స్థానిక డబ్బు కలవకూడదు. రశీదు పుస్తకం గారు చెప్పిన రెండో ఖాతా ఈ పద్ధతిలో నడుస్తుంది, మీ సొసైటీని రద్దు చేసుకోనక్కర్లేదు.

అలా కొన్న బ్రెయిలీ ప్రింటర్, ప్రొజెక్టర్ వాళ్ల ఆస్తే. మీ గదిలో ఉన్నా మీ స్టాకు రిజిస్టరులో ఎక్కించకండి. "జాతీయ సంస్థది, వాడుకకు ఇచ్చినది" అని విడి పుస్తకం పెట్టి, వస్తువు మీద నంబరు రాయండి. విడిపోయే రోజు వస్తే కొట్లాట ఎప్పుడూ ప్రింటర్ మీదే మొదలవుతుంది, సిద్ధాంతాల మీద కాదు.

కార్యవర్గం రద్దు క్లాజు పూర్తిగా తీసేయమంటే ఏ కేంద్ర కార్యాలయమూ ఒప్పుకోదు. రశీదు పుస్తకాలు దారి తప్పినప్పుడు, ఎన్నికలే జరపనప్పుడు వాళ్ల దగ్గర ఏదో ఒక సాధనం ఉండాలి. దాన్ని అడుగులు అడుగులుగా కట్టేయండి: కారణాలతో 15 రోజుల నోటీసు, మీ జవాబు, ముగ్గురి విచారణ, ఆ ముగ్గురిలో ఒకరు ఇంకో రాష్ట్రపు చాప్టర్ నుంచి. తప్పు తేలితే అడ్‌హాక్ (తాత్కాలిక) కమిటీ 90 రోజులకి మించకుండా, దానికి ఎన్నికలు జరపడం తప్ప ఇంకో పని లేకుండా. స్థిరాస్తి, డిపాజిట్ ముట్టుకోకూడదని ఒక వాక్యం. మీరు విడి సొసైటీ కాబట్టి ఇది మీ బైలాస్‌లోకి ఎక్కితేనే చెల్లుతుంది, కాబట్టి ఎంత మేరకు ఎక్కించాలో మీ చేతిలోనే ఉంది.

బాధ్యత క్లాజుని ఇద్దరికీ వర్తించేలా తిరగరాయమనండి. "తన నిర్ణయం వల్ల వచ్చిన నష్టానికి ఆ నిర్ణయం తీసుకున్నవారిదే బాధ్యత." ఢిల్లీ ఆదేశం మీద చేసిన పనికి జిల్లా దావా మోయకూడదు.

---

గోదావరి గట్టు

అందరికీ ధన్యవాదాలు. వెతికితే 9వ పేజీలో బైలాస్ సవరణ వాక్యం దొరికింది, వకీలు గారు అన్నట్టే. రెండు సందేహాలు మిగిలాయి. పేరు మా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోనే ఉంది కదా, వాడొద్దనే హక్కు వాళ్లకుందా? మూతపడితే ఆ డిపాజిట్ సంగతి?

---

ఓరుగల్లు వకీలు

సొసైటీ రిజిస్ట్రార్ ఇచ్చిన పేరు వేరు, ట్రేడ్‌మార్క్ వేరు. మొదటిది ఉంటే రెండోది ఉన్నట్టే అని చాలామంది అనుకుంటారు, కాదు. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ పబ్లిక్ సెర్చ్‌లో వాళ్ల పేరు కొట్టి చూడండి, పైసా ఖర్చు లేదు. 41, 45 తరగతుల్లో వెతకండి: శిక్షణ, సామాజిక సేవలు వచ్చేవి అవి. విరాళాల సేకరణకి 36. రిజిస్టరై ఉంటే వాళ్ల చెయ్యి పైన. లేకపోయినా ఎక్కువ కాలంగా వాడుతున్నవాళ్లకి కొంత రక్షణ ఉంటుంది, కాబట్టి పేరు మీద పోట్లాట మీకు లాభం కాదు. గడువు మీద పోట్లాడండి. పేరు మార్చాలంటే సర్వసభ్య తీర్మానం, రిజిస్ట్రార్ దగ్గర సవరణ, పాన్ మార్పు, ఆ తర్వాత బ్యాంకు. వరసగా తప్ప ఒకేసారి కావు. 60 రోజుల్లో తేలదు, 180 అడగండి. ఆ మధ్యకాలంలో పాత పేరుతో వచ్చిన చెక్కులు జమ చేసుకునే వీలు రాయించండి.

డిపాజిట్: సొసైటీ మూసేస్తే మిగిలిన ఆస్తి సభ్యులు పంచుకోవడానికి లేదు, అలాంటి ఉద్దేశాలున్న ఇంకో సొసైటీకి పోవాలి. జాతీయ సంస్థ పేరు రాయడం తప్పేం కాదు. కానీ "స్థానికంగా వసూలైన నిధి ఇదే జిల్లాలో వికలాంగుల కోసం పనిచేసే సొసైటీకి, అది సర్వసభ్య సమావేశం ఎంచినదానికి, జాతీయ సంస్థ ఇచ్చినది జాతీయ సంస్థకి" అని విడగొట్టండి. ఇంకో తేడా కూడా స్పష్టంగా రాయించండి. అనుబంధం పోవడం మూతపడడం కాదు. ఆ రెండూ ఒకే క్లాజులో కలిపి రాసి ఉంటే, పేరు పోయిన రోజే డిపాజిట్టూ పోతుంది.

---

రశీదు పుస్తకం

ఆ డిపాజిట్ ఎవరెవరు ఎందుకిచ్చారో పాత కౌంటర్‌ఫాయిళ్లు తీసి ఒక జాబితా చేయండి. రశీదు మీద "భవన నిధి" అనో "వీల్‌చైర్ల కోసం" అనో రాసి ఉంటే ఆ మొత్తాన్ని వేరే పనికి మళ్లించడానికి మీకే అధికారం ఉండదు, ఢిల్లీకి ఎక్కడిది. బేరానికి కూర్చునేటప్పుడు ఆ జాబితా బల్ల మీద ఉండాలి. ఇంకోటి, ఎలాగూ విడి సొసైటీగానే ఉంటున్నారు కాబట్టి మీ సొంత 12ఏబీ, 80జీ కోసం దరఖాస్తు పెట్టండి. ఆదాయం 5 కోట్ల లోపు ఉన్న చిన్న సంస్థలకి 12ఏబీ ఇప్పుడు పదేళ్ల వరకూ రావచ్చు, మీకు ఎన్నేళ్లకి వస్తుందో ఆడిటర్‌ని అడగండి.

---

ప్రజావాణి సోమవారం

వాట్సాప్ గ్రూపులు, ఫేస్‌బుక్ పేజీ, ఈమెయిల్, ఇవి ఎవరి ఫోన్ నంబర్ల మీద ఉన్నాయో కూడా అదే బల్ల మీద పెట్టండి. పేజీకి అడ్మిన్‌లు కనీసం ముగ్గురు, అందులో ఒకరు ఢిల్లీ మనిషి ఉన్నా నష్టం లేదు. 140 మంది సభ్యుల ఫోన్లు, వైకల్యం వివరాలున్న ఎక్సెల్ షీటు మాత్రం అడిగినంత మాత్రాన పంపకండి. ఓటర్ల జాబితాకి పేరు, సభ్యత్వ సంఖ్య చాలు. వైకల్యం శాతం, సదరం నంబరు వాళ్లకి ఎందుకు కావాలో ముందు రాతలో అడిగి, సభ్యుల సమ్మతి తీసుకున్నాకే ఇవ్వండి.

---

రెండు టోపీలు

ఆఖరికి సంతకం దగ్గర. ముందు ముసాయిదా మీద మీ సవరణలు పేజీ, క్లాజు నంబర్లతో ఒక ఉత్తరంగా పంపండి, 60 రోజుల గడువు ముగిసేలోపే, స్పీడ్ పోస్టులో. "చర్చ ముగిసేవరకు పాత అనుబంధ పత్రం కొనసాగుతుంది" అని ఆ ఉత్తరంలోనే రాయండి. మీ పక్క జిల్లాల చాప్టర్లకీ ఇదే ఒప్పందం వెళ్లి ఉంటుంది. నలుగురైదుగురు ఒకే సవరణలు పంపితే ఢిల్లీ ఒక్కసారే కూర్చుని మాట్లాడుతుంది, విడివిడిగా పంపితే ఒక్కొక్కరికీ "మిగతావాళ్లంతా ఒప్పుకున్నారు" అనే జవాబే వస్తుంది. ఒప్పందం ఖరారయ్యాక సర్వసభ్య సమావేశం: బైలాస్‌లో ఎన్ని రోజుల నోటీసు ఉందో అన్ని రోజులు, అజెండాలో "ఇతర విషయాలు" కింద కాకుండా విడి అంశంగా, ముసాయిదా ప్రతి నోటీసుతో జతచేసి. దృష్టి లోపం ఉన్న సభ్యులకి ఫోన్‌లో చదివించుకునే ఫైలు కూడా పంపాలి. స్కాన్ చేసిన బొమ్మ పంపితే స్క్రీన్ రీడర్ సరిగా చదవదు, తర్వాత ఆ తీర్మానాన్నే ప్రశ్నించవచ్చు. తీర్మానంలో ఎవరెవరు సంతకం పెడతారో పేర్లతో రాసి, రెండు అసలు ప్రతులు చేసి, ప్రతి పేజీ కింద ఇద్దరూ పొట్టి సంతకాలు పెట్టండి.